మన్రో దొర: క్యాడెట్టు జీతం నుంచి గవర్నరు గద్దె దాకా

వార్షికోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవిత చరిత్ర రాయమని సంపాదకవర్గం వారు మమ్మల్ని కోరారు. గాంధీ, నెహ్రూ, అల్లూరి గురించి ప్రతి సంచికలోనూ వస్తూనే ఉంది. ఈసారి మన ప్రాంతంతో ముడిపడిన ఒక సైనికుని కథ రాద్దామనుకున్నాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హాస్టళ్లలో చదివిన వాళ్లలో ఏటా కొందరైనా ఆర్మీ ర్యాలీకి పోతుంటారు. తెల్లవారుజామున లేచి పరుగు ప్రాక్టీసు చేసే తమ్ముళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉన్నారు. వాళ్లు మొట్టమొదట అడిగేది జీతం ఎంత, ప్రమోషన్ ఎప్పుడు, పెన్షన్ ఉంటుందా అనే. అందులో తప్పేమీ లేదు. మనం రాయబోయే పెద్దమనిషి కూడా ఆ లెక్కలు వేసుకునే ఓడ ఎక్కాడు. ఆయన పేరు థామస్ మన్రో. మన పెద్దలు మన్రో దొర అంటారు.

మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో వ్యాపారి. అమెరికాలోని వర్జీనియాతో ఆయనకు వర్తకం. చిన్నతనంలో తట్టు సోకి మన్రోకు చెవుడు వచ్చింది. అది జీవితాంతం పోలేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివాడు. డాన్ క్విక్సోట్ అనే నవలను అసలు భాషలో చదవాలన్న పట్టుదలతో స్వయంగా స్పానిష్ నేర్చుకున్నాడట. భాషలు నేర్చుకునే ఈ అలవాటే తర్వాత ఆయనకు కూడు పెట్టింది.

1776లో అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆ యుద్ధంతో తండ్రి వ్యాపారం దివాలా తీసింది. ఇల్లు గడవడమే కష్టమైంది. ఒక వర్తకుని కొట్లో గుమాస్తాగా ఉన్న కుర్రవాడు వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది. అప్పట్లో ఇంగ్లండులో చితికిపోయిన మధ్యతరగతి కుటుంబాలకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగమే దిక్కు. సివిల్ కొలువు కావాలంటే పెద్ద సిఫారసు ఉండాలి. సైన్యంలో క్యాడెట్టు ఉద్యోగం కొంచెం సులువు. 1779లో మన్రో మొదట ఓడలో చిన్న నావికుని పనికి కుదిరాడు. ఓడ బయలుదేరేలోగా తండ్రి ఆ కాళ్లూ ఈ కాళ్లూ పట్టుకుని క్యాడెట్టు పోస్టు ఇప్పించాడు. 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగేనాటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు.

దిగగానే మోసపోయాడు. పెద్దమనిషిలా కనిపించిన ఒక ముసలి నౌకరు, ఈ దేశపు ఎండకు నీ బట్టలు పనికిరావని నమ్మబలికి, ఉన్న బట్టలూ కాస్త డబ్బూ పట్టుకుపోయి మళ్లీ కనిపించలేదు. కొత్త ఊరికి ట్రంకు పెట్టెతో దిగిన హాస్టలు పిల్లవాడి అవస్థ మనకు తెలియంది కాదు.

ఆ ఏడే హైదర్ అలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాడు. నాలుగేళ్లు యుద్ధం. మన్రో కాలినడకన పటాలం వెంట తిరిగాడు. మొదటి మూడేళ్లూ ఆయనకు తలగడ లేదు. పుస్తకమో, తూటాల సంచో తల కింద పెట్టుకుని పడుకునేవాడు. నాలుగు కర్రల మీద బిగించిన గోనెగుడ్డ మంచం. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న పొడవు కోటే దుప్పటి. కోటు చేతుల్లో కాళ్లు దూర్చి మిగతా భాగం తల మీదికి లాక్కుని పడుకునేవాడు. ఇవన్నీ తర్వాత తన చెల్లెలికి ఉత్తరంలో హాస్యంగా రాశాడు. ఇండియాకు పోయినవాడు నవాబులా బతుకుతాడని అక్కడి జనం అనుకునే రోజులవి. ఆ చిన్న జీతంలోనే మిగిల్చి తండ్రికి పంపేవాడు. ఆయన అన్నదమ్ముడు ఒకడు కూడా ఇండియాకు వచ్చాడు. అతనూ పంపేవాడు. ఈ ఒక్క సంగతి చదివినప్పుడు మాకు ఆయన మీద నిజంగా గౌరవం కలిగింది.

ఇక్కడ కంపెనీ జీతాల సంగతి కొంచెం చెప్పాలి. జీతం వేరు, బత్తా వేరు. మనం ఇప్పటికీ బత్తెం అంటాం. పటాలం కంటోన్మెంటులో ఉంటే అరబత్తా, దండయాత్రలో ఉంటే పూర్తి బత్తా. అందుకే చిన్న ఆఫీసర్లకు యుద్ధం వస్తేనే నాలుగు రాళ్లు కనిపించేవి. శాంతి వచ్చిందంటే అప్పులు మొదలు. ప్రమోషన్ పూర్తిగా సీనియారిటీ మీదే. ఎంత తెలివైనవాడైనా పైవాడు చావాలి, లేదా ఇంటికి పోవాలి. మన్రో లెఫ్టినెంటు అయ్యింది 1786లో. కెప్టెన్ కావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అంటే చేరిన పదహారేళ్లకు, ముప్పై అయిదో ఏట కెప్టెన్. మేజర్ 1800లో, లెఫ్టినెంట్ కల్నల్ 1804లో, కల్నల్ 1813లో, మేజర్ జనరల్ 1819లో.

ఆ 1796వ సంవత్సరం కంపెనీ ఆఫీసర్లకు ముఖ్యమైనది. అంతకుముందు సెలవు మీద సొంత దేశానికి పోతే జీతం లేదు, రిటైరైతే పెన్షన్ లేదు. ఆఫీసర్ల అలజడి పెరిగాక ఆ ఏడు కొత్త నిబంధనలు వచ్చాయి. జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. సెలవు కాలం మూడేళ్లు కలుపుకుని మొత్తం ఇరవై అయిదేళ్ల సర్వీసు పూర్తయితే, తన హోదాకు తగిన జీతంతోనే రిటైరయ్యే హక్కు ఇచ్చారు. అంతకు చాలా ముందే, 1770లో, క్లైవు నిధి అని ఒకటి పెట్టారు. బెంగాలు నవాబు మీర్ జాఫర్ క్లైవుకు వదిలిపోయిన అయిదు లక్షల రూపాయలు దాని మూలధనం. వికలాంగులైన కంపెనీ సైనికులకు, చనిపోయిన వారి భార్యలకు దాని నుంచి పింఛను ఇచ్చేవారు. సొమ్ము ఈ దేశపు నవాబుది, పింఛను తెల్ల సైనికులది. దీన్ని ఏమనాలో పాఠకులే చెప్పాలి.

మరి మన సిపాయికి? నెలకు సుమారు ఏడు రూపాయలు. సిపాయి, నాయక్, హవల్దారు, జమేదారు, సుబేదారు. మనవాడి నిచ్చెనకు ఇవే మెట్లు. ముప్పై ఏళ్లు పోరాడి గాయాలతో నెరిసిన సుబేదారు కూడా నిన్న ఓడ దిగిన తెల్ల కుర్రవాడికి సలాం కొట్టాలి. ఒళ్లు పనికిరాకుండా పోతే ఇన్‌వాలిడ్ అని రాసి చిన్న పింఛను ఇచ్చేవారు. మద్రాసు సైన్యంలో ఒక మంచి ఏర్పాటు ఉండేది. చనిపోయిన సిపాయి కొడుకును రిక్రూట్ బాయ్‌గా పటాలంలో చేర్చుకుని కొద్ది జీతం ఇచ్చేవారు. ఆ పిల్లవాడి జీతంతో తల్లి బతికేది. మద్రాసు సిపాయి భార్యాబిడ్డలతో సహా పటాలం వెంట తిరిగేవాడు కాబట్టి ఈ ఏర్పాటు ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది.

మన్రో అదృష్టం ఆయన నేర్చుకున్న భాషల్లో ఉంది. హిందుస్తానీ, పారసీకం వచ్చు. 1788లో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద వేగు విభాగంలో పడ్డాడు. 1792లో టిప్పు సుల్తాను సగం రాజ్యం వదులుకున్నప్పుడు బారామహల్, అంటే నేటి సేలం, కృష్ణగిరి ప్రాంతం కంపెనీకి వచ్చింది. దాన్ని పాలించడానికి కారన్‌వాలిస్ సివిలు దొరలను పంపలేదు. వాళ్లకు దేశభాషలు రావు. రీడునూ ఆయన కింది సైనికాధికారులనూ పంపాడు. మన్రో ఏడేళ్లు అక్కడ ఊరూరా తిరిగి శిస్తు పని నేర్చుకున్నాడు. తుపాకి పట్టినవాడు పైమాషీ గొలుసు పట్టాడు. సివిలు దొరలకు ఇది కంటగింపుగానే ఉండేది.

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు ఖజానాను గెలిచిన సైన్యం పంచుకుంది. ప్రైజ్ మనీ అనేవారు. పంపకం హోదాను బట్టి. సర్వసేనాని హారిస్ వాటాకు లక్ష పౌన్లకు పైగా వచ్చింది. సిపాయి వాటా చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కోటగోడ ఎక్కేటప్పుడు మాత్రం తూటాకు హోదా తెలియదు. మన్రో ఆ తర్వాత మైసూరు వ్యవహారాల కమిషన్‌కు మాల్కంతో కలిసి కార్యదర్శిగా పనిచేసి, కొంతకాలం కెనరా కలెక్టరుగా ఉన్నాడు.

ఇప్పుడు మన ప్రాంతానికి వస్తాం. 1800 అక్టోబరులో నిజాం నవాబు, తనకు కాపలాగా ఉండే కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప, నేటి అనంతపురం, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. కొందరు పిల్లలు ఇది తెలియక పరీక్షలో తప్పు రాస్తుంటారు. మన నేల చేతులు మారింది యుద్ధంలో ఓడి కాదు, సైన్యం జీతాల బాకీ కింద! దత్తమండలాలు అనే పేరు అలా వచ్చింది. రాయలసీమ అనే గౌరవప్రదమైన పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు పెట్టేవరకు మనం దత్తులమే.

ఆ మండలాలకు మన్రో ప్రిన్సిపల్ కలెక్టరు. కింద నలుగురు సబ్ కలెక్టర్లు. అనంతపురంలో మకాం. పెనుకొండ కోట కింద, ధర్మవరం చెరువు కట్ట పక్క, హిందూపురం, మడకశిర దారిలో ఆయన గుడారాలు దిగని చోటు లేదనాలి. ఏళ్ల తరబడి గుడారంలోనే బతికాడు. చుట్టూ ఎనభై మంది పాలెగాళ్లు, వాళ్ల కింద వేలాది మంది సాయుధ బంట్లు. విజయనగరం పోయాక పెనుకొండ, గుత్తి, రాయదుర్గం సీమల్లో రెండు వందల ఏళ్లు నడిచిన రాజ్యం వాళ్లదే.

సైనిక జీతాల కథలో మనవాళ్ల అధ్యాయం ఇక్కడే ఉంది. పాలెగాడి బంటుకు రూపాయల జీతం లేదు. కట్టుబడి అనేవారు. ఊళ్లో ఇంత పొలం తక్కువ శిస్తుకో, శిస్తు లేకుండానో ఇస్తారు. పిలుపు వచ్చినప్పుడు కత్తీ బల్లెం పట్టుకుని రావాలి. భూమే జీతం, భూమే పెన్షన్. కొడుక్కీ అదే. బోయలు మొదలుకొని ఎన్నో కులాలవాళ్లు ఇలా బతికారు. మన్రో పాలెగాళ్లను అణిచివేశాడు. ఎదిరించినవాళ్ల మీదికి జనరల్ కాంబెల్ దండు వెళ్లింది. లొంగినవాళ్లకు పాలెం తీసుకుని తవర్జీ అనే నెలవారీ పింఛను కట్టారు. మరి కట్టుబడి బంటు? ఆయనకు కొలువు పోయింది, పొలం మీద శిస్తు పడింది. ఒక సైన్యాన్ని మొత్తం రద్దు చేస్తే దొరకు పింఛను, బంటుకు శిస్తు మిగిలింది. ఆ తవర్జీల గొడవ కూడా అక్కడితో తీరలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు నిప్పు రాజేసిన వాటిలో పింఛను తగాదా ఒకటి.

అయితే మన్రోను జనం తిట్టుకోలేదు, అదీ నిజమే. రైతుకూ సర్కారుకూ మధ్య జమీందారు వద్దన్నాడు. 1802 నుంచి పొలం పొలం కొలిపించాడు. ముప్పై మూడు అడుగుల గొలుసు. ఆ గొలుసు నాలుగు వైపులా పరిస్తే వచ్చే చదరం నలభై కలిస్తే ఒక ఎకరం. లెక్కల మాస్టారు ఎప్పుడైనా అడిగితే చెప్పండి. రైతు పేర పట్టా, పొలానికి ఇంత అని శిస్తు. అదే రైత్వారీ. శిస్తు ఎక్కువైందని ఆయనకే తెలుసు. 1807లో సెలవు మీద పోతూ పావు వంతు తగ్గించమని సిఫారసు చేశాడు. పైవాళ్లు వినలేదు. రైత్వారీనే తీసేసి ఊళ్లకు ఊళ్లు గుత్తకిచ్చారు. చివరికి ఆయన గవర్నరై వచ్చాక 1820లో గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. మేము ఒక మాట మాత్రం చెప్పకుండా ఉండలేం. పట్టా అప్పటికే సేద్యం చేస్తున్న రైతు పేర పడింది. ఆ పొలంలో జీతగాడుగా ఉన్న మాల మాదిగల పేర పడినవి తక్కువ. మన తాతముత్తాతల్లో చాలామందికి మన్రో పట్టా కథ పక్కింటి కథే.

ఆయన మీద కథలు కూడా పుట్టాయి. మంత్రాలయం మఠం మాన్యం విచారణకు పోతే రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి ఆయనతో మాట్లాడాడంటారు. తిరుమలలో మధ్యాహ్నం నైవేద్యానికి మన్రో గంగాళం ఆయన ఏర్పాటేనంటారు. మా చిన్నప్పుడు మన పల్లెల్లో మన్రోలప్ప, మన్రోలయ్య అనే పేర్లున్న ముసలివాళ్లు ఉండేవారు. స్కాట్లాండు ఇంటిపేరు మన సీమలో మొక్కుబడి పేరైంది.

1807లో వెళ్లి ఏడేళ్లు ఇంగ్లండులో ఉన్నాడు. 1813లో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాడు. 1814లో జేన్ కాంబెల్‌ను పెళ్లాడి మళ్లీ మద్రాసు వచ్చి, న్యాయవ్యవస్థ సంస్కరణ చేపట్టాడు. 1817లో మరాఠా యుద్ధం. యాభై ఆరేళ్ల వయసులో బ్రిగేడియర్ జనరల్‌గా మళ్లీ గుర్రమెక్కాడు. ఇచ్చిన పటాలం పిడికెడు. స్థానికులనే బంట్లుగా చేర్చుకుని, బాదామి, బెల్గాం, షోలాపురం కోటలు పట్టాడు. కంటిచూపు దెబ్బతింది. పార్లమెంటు పొగిడింది, బిరుదు దక్కింది. 1820లో మద్రాసు గవర్నరు. 1825లో, బర్మా యుద్ధానికి చేసిన సాయానికి, బారనెట్ హోదా.

ఇక మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి. 1817లో ఆయన గవర్నర్ జనరలుకు ఒక ఉత్తరం రాశాడు. ఈ దేశస్తుడికి సైన్యంలో సుబేదారును మించిన పదవి లేదనీ, ఆ సుబేదారుకూ అతి చిన్న తెల్ల ఆఫీసరుకూ మధ్య ఉన్న దూరం, ఆ చిన్న ఆఫీసరుకూ సర్వసేనానికీ మధ్య ఉన్నంత దూరమనీ అందులో వివరించాడు. ఎదిగే ఆశ లేనివాడు నీచపడిపోతాడన్నది ఆయన అభిప్రాయం. గవర్నరయ్యాక 1824లోనూ ఇలాంటి అభిప్రాయమే సర్కారు కాగితాల్లో రాసిపెట్టాడు. అంత స్పష్టంగా చూసినవాడు ఏడేళ్లు గవర్నరుగా ఉన్నాడు. సివిలు కచేరీల్లో దేశస్తులకు కొంత పెద్ద జీతాలు, పదవులు ఇప్పించాడు. సైన్యంలో నిచ్చెనకు ఒక్క మెట్టు కూడా పెరగలేదు. ఆయన చేతుల్లో లేదని కొందరు సమర్థిస్తారు. ఆఫీసరు పదవులు లండను వారి చేతిలో ఉన్న మాట నిజమే. అయినా పట్టుబట్టి పోరాడిన దాఖలా మాకు కనిపించలేదు.

ఆ సుబేదారు మెట్టు ఎంతకాలం నిలిచిందో చూడండి. డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ గారి తండ్రి రాంజీ సక్పాల్ గారు సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. ఆయన రిటైరైంది సుబేదారు హోదాలోనే. మన్రో ఉత్తరానికి డెబ్బై ఏళ్లు దాటినా తెల్ల ఆఫీసరు మెట్టు మనవాడికి తెరుచుకోలేదు. ఆ పింఛను మీద ఆధారపడిన ఇంట్లోనే బాబాసాహెబ్ చదువు మొదలైంది. ఆ రోజుల్లోనే మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. తెలుగువాళ్లు యోధజాతి కాదని మద్రాసు సైన్యంలో మనవాళ్లనూ తగ్గించుకుంటూ వచ్చారు. దేశస్తులకు పూర్తి ఆఫీసరు కమిషన్ మొదటి ప్రపంచయుద్ధం చివర్లో గానీ దొరకలేదు. డెహ్రాడూన్ అకాడమీ తెరిచింది 1932లో. మహర్ రెజిమెంట్ 1941లో ఏర్పడింది.

ర్యాలీకి పోయే తమ్ముళ్ల కోసం రెండు మాటలు. పాత పద్ధతిలో చేరిన జవానుకు పదిహేనేళ్ల సర్వీసుకు పెన్షన్, ఆఫీసరుకు ఇరవై ఏళ్లకు. ఒకే హోదా, ఒకే సర్వీసు ఉన్నవారికి ఒకే పెన్షన్ అన్న సూత్రం 2015లో ఒప్పుకున్నారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ లెక్క వేరు. నాలుగేళ్ల కొలువు. మొదటి ఏడు నెలకు 30,000, చేతికి 21,000. చివర్లో సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు. పెన్షన్ లేదు. నూటికి ఇరవై అయిదు మంది దాకా పర్మనెంటు కావచ్చు. ఇది తెలుసుకునే పరుగెత్తండి. ఇంటర్, డిగ్రీ పూర్తి చేస్తే ఎన్.డి.ఏ., సి.డి.ఎస్. పరీక్షలున్నాయి. ఆ మెట్టు ఇప్పుడు మనకూ తెరిచే ఉంది.

మన్రోకు కూడా ఇంటికి పోవాలని ఉండేది. 1826లో జబ్బుపడిన చిన్న కొడుకును తీసుకుని భార్య ఇంగ్లండు వెళ్లిపోయింది. ఆమె లేని తోటలో ఒంటరిగా తిరగడం గురించి ఆయన రాసిన ఉత్తరాలు చదివితే గవర్నరని అనిపించదు. రాజీనామా పెట్టాడు. కొత్త గవర్నరు రావడం ఆలస్యమైంది. ఈలోగా, తాను ఏడేళ్లు తిరిగిన దత్తమండలాలను చివరిసారి చూసి పోదామని 1827 మే నెలాఖరులో మద్రాసు నుంచి బయలుదేరాడు. దారిలో దండులో కలరా తగిలి కొందరు సిపాయిలు పోయారు. జూలై 6న పత్తికొండలో ఉదయం దాకా బాగున్న మన్రోకు కూడా అదే వచ్చింది. ఆ రాత్రే చనిపోయాడు. వయసు అరవై ఆరు. సర్వీసు నలభై ఏడేళ్లు. 1796 నాటి నిబంధన ప్రకారం ఇరవై ఏళ్ల ముందే పూర్తి జీతంతో ఇంటికి పోగలిగినవాడు ఒక్క నెల పింఛను కూడా తీసుకోలేదు.

గుత్తి కోట కింద పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేర ఒక బావి తవ్వించి తోపు నాటించారు. మద్రాసులో, ఇప్పటి చెన్నై ఐలాండ్ మైదానం దగ్గర, గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది. చాంట్రీ అనే శిల్పి చెక్కినది. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు.